తెర మీద ఆగిన పేరు

ఆ మధ్య ఒక ఉదయం హైదరాబాదు ప్రయాణమై ఢిల్లీ విమానాశ్రయానికి వెళ్తే, లోపల తెరలన్నీ నీలంగా మారి నిలిచిపోయి ఉన్నాయి. ఏ విమానం ఏ గేటుకో ఎవరో తెల్లబోర్డు మీద మార్కరుతో రాస్తున్నారు. కౌంటర్లో ఒక అమ్మాయి నా పేరూ సీటు నంబరూ పెన్నుతో కాగితం మీద రాసి ఇస్తోంది. నా వెనక నిలబడ్డ పెద్దమనిషి ఆ అమ్మాయి మీద అరుస్తున్నాడు, ఆ తెరలన్నీ ఆమే ఆపేసినట్టు. పక్క వరసలోని కుర్రాడు ఫోను చూసుకుని, "యాంటీవైరస్ డ్రైవర్ ఏదో పాడైందట అంకుల్. అన్ని చోట్లా ఇదే గోల" అన్నాడు.

ఆ మాటతో నా చెవిలో ఒక గొంతు పలికింది. "నిన్న ఏం చేసిన్రు సార్?"

ఆ గొంతు విని ఇరవై ఏళ్లు కావస్తోంది. అతని పేరు ఇక్కడ రాయను. అడిగి రాద్దామంటే అతనెక్కడున్నాడో నాకు తెలియదు. అడక్కుండా ఒకసారి అతని పేరు కాగితం మీద పెట్టాను. అది చాలు.

అప్పుడు నేను ఒక కేంద్ర మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరుని. ఆర్కే పురంలో గవర్నమెంటు క్వార్టరు, భార్య, కాలేజీలో చదివే కూతురు. అతను మా సెక్షన్లో కాంట్రాక్టు మీద పనిచేసే కంప్యూటర్ ఆపరేటరు. జగిత్యాల వైపు మనిషి. సివిల్స్ రాయడానికి ఢిల్లీ వచ్చి, రాయనిచ్చినన్ని సార్లూ రాసి, వయసు మించిపోయాక కూడా బేర్ సరాయ్ సందులో ఒక ఇరుకు గదిలోనే ఉండిపోయిన వాళ్లలో ఒకడు. ఒకసారి ఇంటర్వ్యూ దాకా వెళ్లాడని ఎవరో చెప్పారు. తను మాత్రం ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

కాగితాల మీద అతని పని టైపు చేయడం. నిజానికి ఆ అంతస్తులో ఎవరి కంప్యూటరు మొరాయించినా అతనికే కబురొచ్చేది. స్కూలు పిల్లలు పట్టుకెళ్లే జామెట్రీ బాక్సు ఒకటి చేత్తో పట్టుకుని వచ్చేవాడు. అందులో రెండు చిన్న స్క్రూడ్రైవర్లు, బొమ్మలకు రంగులేసే కుంచె, ఒక తెల్ల రబ్బరు ఉండేవి. కంప్యూటరు తెర వెలగకుండా ఊరికే కూతలు పెడుతుంటే, డబ్బా మూత విప్పి లోపలున్న మెమొరీ కార్డు బయటికి తీసేవాడు. దాని అంచుని ఆ రబ్బరుతో, పెన్సిలు గీత చెరిపినట్టు, నెమ్మదిగా రుద్దేవాడు. కుంచెతో దులిపి మళ్లీ పెట్టేవాడు. సగం జబ్బులు దానికే పోయేవి.

ఏ సీటు దగ్గరికెళ్లినా మొదటి ప్రశ్న అదే. "నిన్న ఏం చేసిన్రు?"

అందరూ ఇచ్చే జవాబు కూడా ఒకటే. ఏమీ చెయ్యలేదని.

"ఏం చెయ్యకుంటె ఏం గాదు సార్" అని నవ్వి పనిలో పడేవాడు.

మిషను మళ్లీ మొదలవుతున్నంతసేపూ కూర్చునేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూసేవాడు. డాక్టరు బయటికొచ్చేదాకా ఆసుపత్రి వరండాలో చుట్టాలు నిలబడతారే, అలాగ. ఆ రోజుల్లో ఎవర్ని పిలిచినా మొత్తం చెరిపేసి కొత్తగా ఎక్కించి పోయేవాళ్లు. దాన్నే ఫార్మాట్ అనేవాళ్లు. ఆ మాట అంటే అతనికి ఒళ్లు మండేది. "తల నొస్తుందని తలకాయ దీస్తరా సార్?" అనేవాడు. అంతా బాగయ్యాక కూడా వెంటనే వెళ్లేవాడు కాదు. "మీకు గావాల్సిన ఫైల్ తెరిచి ఒక లైన్ చదువుండ్రి. అప్పుడు వోత" అనేవాడు. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, బడిపిల్లాడిలా ఒక వాక్యం పైకి చదవాల్సిందే. అది విన్నాక జామెట్రీ బాక్సు మూసేవాడు.

ఏడాదికి ఒకసారి, మెయిన్స్ పరీక్షలు జరిగే రోజుల్లో, సెలవు పెట్టేవాడు. తనకు రాసే అవకాశం అయిపోయింది. అయినా ఆ సందులో ఉండే కొత్త పిల్లలకు ఊరు తెలియదని, ఏ బస్సెక్కి ఏ సెంటరుకి వెళ్లాలో తెలియదని, తనే వెంటబెట్టుకుని తీసుకెళ్లేవాడు. మధ్యాహ్నం దాకా గేటు బయట నిలబడి, మళ్లీ వెనక్కి తీసుకొచ్చేవాడు. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. సెలవు చీటీ మీద సంతకం పెట్టేది నేనే కాబట్టి.

అలా అతను సెలవులో ఉన్న రోజుల్లోనే నేను ఆ పని చేశాను.

మా క్వార్టర్లలో పొరుగాయన ఒక సీడీ ఇచ్చాడు. కొత్త యాంటీవైరస్ అట, దీని ముందు మిగతావన్నీ దండగట. ఆ సాయంత్రమే ఇంట్లో కంప్యూటర్లో వేశాను. చక్కగా పనిచేసింది. ఉత్సాహం ఆగక మర్నాడు ఆఫీసుకు తీసుకెళ్లి సెక్షన్ కంప్యూటర్లో కూడా వేశాను. అందులో అప్పటికే వేరే యాంటీవైరస్ ఉందన్న ధ్యాస లేదు. ఉన్నా నష్టమేముంది, ఒకటికి రెండు కాపలా కదా అనుకునేవాణ్ణేమో.

ఆ తర్వాతి పొద్దున మిషను లేవలేదు. కంపెనీ బొమ్మ కనబడుతుంది, క్షణంపాటు నీలం తెర మెరుస్తుంది, మళ్లీ మొదటికి వస్తుంది. అదే తిరుగుడు. పార్లమెంటు ప్రశ్న ఒకదానికి మేం పంపాల్సిన జవాబు అందులో ఉంది. మా పైన డిప్యూటీ సెక్రటరీ ఒకాయన ఉండేవాడు. ఆయన రెండుసార్లు వచ్చి చూసి, మూడోసారి వచ్చి కేకలేశాడు. ఎవరేం చేశారని అడిగాడు. సెక్షన్లో అందరూ లేదన్నారు. నేనూ తల అడ్డంగా ఊపాను. ఆ ఊపుతున్నప్పుడు అదంత పెద్ద అబద్ధం అవుతుందని నాకు తెలియదు. సీడీకీ దీనికీ సంబంధం ఉందో లేదో కూడా అప్పటికి రూఢిగా తెలియదు. అనుమానం మాత్రం ఉంది.

ఇంకో రోజు పోయాక అతను సెలవు ముగించుకుని వచ్చాడు.

"నిన్న మొన్న ఏం చేసిన్రు సార్?"

"ఏమీ చెయ్యలేదయ్యా."

నా మొహంకేసి కొంచెం ఎక్కువసేపు చూశాడు. అలవాటు మాట అన్నాడు గానీ నవ్వలేదు. మిషను ఆపి, మళ్లీ పెట్టి, ఏదో మీట నొక్కుతూ పోయాడు. నల్లటి తెర మీద, మిషను లేవడానికి ఎక్కించుకునే డ్రైవర్లనే చిన్న ప్రోగ్రాముల పేర్లు తెల్లగా ఒకదాని కింద ఒకటి పడటం మొదలైంది. ప్యాసింజర్ బండి ఒక్కో స్టేషను దాటుతున్నట్టు దాటి దాటి, ఒక పేరు దగ్గర ఆగిపోయింది.

"దొరికింది. ఇదే కదా దొంగ?" అన్నాడు మా అసిస్టెంటు హిందీలో.

"గా పేరు మీద ఆగింది గనీ తప్పు దానిది గాదు" అన్నాడు అతను. అసిస్టెంటుకు చెప్పాల్సిన జవాబు తెలుగులో, నా వైపు తిరిగి చెప్పాడు. "అది దాని పని చేస్కొని అయిపోయింది సార్. దాని తర్వాత ఎక్కాల్సినోడు ఒకడున్నడు. వాడి పేరు తెర మీదికి ఇంకా రాలే. బండి ఆపింది వాడు. సూశెటోళ్లకు ఈ పేరే గనవడ్తది."

తర్వాత ఏదో సీడీ పెట్టి నల్లతెర మీద నాలుగైదు ఆజ్ఞలు కొట్టాడు. ఆ కనబడని డ్రైవరుని లేవనీయకుండా కట్టేసి, మిషను మళ్లీ మొదలుపెట్టాడు. లేచింది. సెక్షనంతా చప్పట్లు కొట్టారు. అప్పుడే లోపలికొచ్చిన డిప్యూటీ సెక్రటరీ ఏమైందని అడిగాడు.

"రెండు యాంటీవైరస్‌లు ఉన్నాయి సార్. ఒకదాన్నొకటి దొంగ అనుకున్నాయి" అని హిందీలో చెప్పి, నాకు మాత్రమే అర్థమయ్యేలా, "ఒక ఒరల రెండు కత్తులు" అన్నాడు.

"రెండోది ఎవరు వేశారు?"

అతను నా వైపు చూడలేదు. జామెట్రీ బాక్సులో స్క్రూడ్రైవరు సర్దుతున్నాడు. నా వంతు మాట నేను చెప్తానని ఆగాడని ఇప్పుడు తెలుస్తోంది. నేను చెప్పలేదు.

"కంప్యూటర్ల బాధ్యత నీది. వేరే ఎవరో ఎలా వేస్తారు?" అని ఆయనే తేల్చేశాడు. ఆ రోజుల్లో అతను సెలవులో ఉన్నాడన్న సంగతి ఆయనకు తోచలేదు. "జీ సార్" అన్నాడు అతను.

ఏడాది చివర కాంట్రాక్టు వాళ్లను కొనసాగించాలా వద్దా అని సెక్షన్ ఆఫీసరు రిపోర్టు రాయాలి. ఒక శుక్రవారం డిప్యూటీ సెక్రటరీ నన్ను గదిలోకి పిలిచి టీ ఇప్పించాడు. తనకు తెలిసిన కుర్రాడు ఒకడున్నాడని, చురుకైనవాడని అన్నాడు. "రావ్ సాబ్, ఆ రోజు జరిగింది రాస్తే చాలు కదా. వేరే ఏమీ కల్పించనక్కర్లేదు" అన్నాడు. నా ప్రమోషను ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. ఆయన దాని మాట ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు.

సెక్షన్లో రిపోర్టులన్నీ టైపు చేసేది అతనే. అందుకని ఇది ఇంటి దగ్గర, శనివారంనాడు, నేనే టైపు చేసుకున్నాను. మొదటి పేరాలో అతని పేరు, పని. రెండో పేరాలో, అతని నిర్లక్ష్యం వల్ల అనుమతి లేని సాఫ్ట్‌వేరు చేరి ఆఫీసు పని స్తంభించింది అని. మూడో పేరాలో, కొనసాగింపు సిఫార్సు చేయడం లేదు అని. సోమవారం పొద్దున ఇవ్వాలి.

ఆదివారం లేచేసరికి ఇంట్లో కంప్యూటరు లేవటం లేదు. బొమ్మ, నీలం మెరుపు, మళ్లీ బొమ్మ. కూతురు కాలేజీ నుంచి ఇంకో యాంటీవైరస్ తెచ్చి రాత్రి వేసిందట.

ఎవర్ని పిలవను? ఆదివారం పూట ఎవరొచ్చినా ఫార్మాట్ చేసి పోతారు. మళ్లీ టైపు చేసుకుంటే సరిపోయేది. ఆ సంగతి నాకప్పుడు తోచలేదంటే నమ్మరు. తోచింది. కానీ అందులో కూతురి ప్రాజెక్టంతా ఉంది, అది ఏడుపు మొహం పెట్టుకుని నిలబడింది. మా ఆవిడ, "ఆ జగిత్యాల అబ్బాయిని పిలవండి, ఎంతసేపు" అంది. ఫోను చేశాను.

"అర్ధగంటల వస్త సార్" అన్నాడు.

మెరూన్ రంగు స్వెట్టరు వేసుకుని, జామెట్రీ బాక్సుతో వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు. నేను ఆ గదిలోనే ఒక మూల పేపరు పట్టుకు కూర్చున్నాను.

"నిన్న ఏం చేసిన్రు?" అని నన్ను కాదు, మా అమ్మాయిని అడిగాడు.

దానికి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు హిందీలోనే వస్తుంది. "భయ్యా, మైనే ఏక్ సీడీ డాలీ థీ. మేరీ హీ గల్తీ హై" అంది. సీడీ నేనే వేశాను, తప్పు నాదే అని.

అతను నవ్వాడు. "ఇన్నేండ్లల్ల మొదటిసారి ఇన్న సార్ గా మాట. మీ ఇంట్ల నిజం జెప్పెటోళ్లు ఒకరున్నరు."

వెక్కిరింపు కాదు. దాన్ని మెచ్చుకున్నాడంతే. నేను పేపరు తిప్పాను.

మా ఆవిడ ఉప్మా పెట్టి, టీ ఇచ్చింది. నిలబడే తిన్నాడు. తెర మీద పేర్లు పడటం, ఆగటం, నల్లతెర, ఆజ్ఞలు. గంటలోపల మిషను లేచింది. మా అమ్మాయి తన ప్రాజెక్టు తెరిచి ఒక వాక్యం గట్టిగా చదివింది. అతను నా వైపు తిరిగాడు.

"మీకు గావాల్సింది గూడ జూస్కోండ్రి సార్."

"అక్కర్లేదులే. ఉంటుంది."

"ఉంటదనుకుంటె నడ్వది సార్. ఒక్క లైన్."

నేను లేచేలోపలే మా అమ్మాయి, "పాపా, వో రిపోర్ట్ చాహియే థా నా ఆప్‌కో?" అంటూ దాని మీద నొక్కేసింది. నాకు కావలసింది ఆ రిపోర్టేనని దానికి తెలుసు. పొద్దుటినుంచీ దాని గురించే గొణుగుతున్నాను.

పేజీ తెరుచుకుంది. పైనే అతని పేరు, పెద్ద అక్షరాల్లో.

అతను ఇంగ్లీషు వేగంగా చదివేవాడు. ఏళ్ల తరబడి చదివి చదివి అలవాటైన కళ్లు. ఎంతసేపు పట్టి ఉంటుంది? వంటింట్లో కుక్కరు ఒక కూత వేసింది. మా అమ్మాయి తన ఫోను చూసుకుంటోంది. నేను ఏదో అనాలని నోరు తెరిచాను.

"ఫైల్ బాగనే ఉంది సార్" అన్నాడు.

ఒక్క లైన్ చదవమని నన్ను అడగలేదు. బాక్సులోంచి ఒక ఫ్లాపీ తీసి మిషన్లో పెట్టి, ఆ రిపోర్టుని దాని మీదికి కాపీ చేశాడు. "మళ్ల ఏమన్న అయినా ఇది ఉంటది" అని నా చేతికిచ్చాడు. మా ఆవిడతో "ఉప్మా మంచిగుందమ్మా" అన్నాడు. చెప్పులు వేసుకుంటూ, గుమ్మం దగ్గర, నా మొహం చూడకుండా అన్నాడు:

"రెండో పేరాల నెగ్లిజెన్స్ స్పెల్లింగ్ తప్పు వడ్డది సార్. రెండో జీ తర్వాత ఈ ఉంటది. మీరు ఏ కొట్టిన్రు."

సోమవారం పొద్దున ఆఫీసుకెళ్లేముందు ఆ ఫైలు తెరిచాను. రెండో పేరా మొత్తం తీసేసి, తప్పు నాదని రాద్దామనే కూర్చున్నాను. ఒక వాక్యం టైపు కూడా చేశాను. అది చదువుకుంటే నా ప్రమోషను ఫైలు కళ్లముందు ఆడింది. చెరిపాను. ఏ తీసి ఈ పెట్టాను. ప్రింటు తీసి సంతకం చేశాను. ఆ రిపోర్టులో నేను దిద్దినదల్లా ఆ ఒక్క అక్షరం.

మిగిలిన మూడు వారాలూ అతను మామూలుగానే వచ్చాడు. ఎవరు పిలిచినా వెళ్లాడు. వీలున్నప్పుడల్లా ఒక గీతల నోటుబుక్కులో ఏదో రాసుకునేవాడు. ఆఖరి రోజు సాయంత్రం అది తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఆ అంతస్తులో ప్రతి కంప్యూటరుకీ ఒక పేజీ ఉంది. దాని స్వభావం ఏమిటి, ఎప్పుడు మొరాయిస్తుంది, అప్పుడేం చేయాలి, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో. "కొత్తగ వచ్చెటాయనకు పనికొస్తది" అన్నాడు. నేను లేచి నిలబడి, "కలుస్తూ ఉండవయ్యా" అన్నాను. "పోయొస్త సార్" అన్నాడు.

ఆ తర్వాత ఇంట్లో కంప్యూటరు ఏ చిన్న పేచీ పెట్టినా మా ఆవిడ అతన్ని పిలవమనేది. మానేశాడని చెప్పేవాణ్ణి. ఎందుకు మానేశాడని ఒకసారి అడిగింది. వేరే పని దొరికిందేమో అన్నాను.

ఎండలు ముదిరాక, అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు బైండింగు చేయించడానికి బేర్ సరాయ్ దగ్గర్లోనే ఉన్న జియా సరాయ్ వెళ్లాను. మెట్లు దిగి వెళ్లాల్సిన ఒక చిన్న కొట్టు. జిరాక్సు, టైపింగు, బైండింగు. లోపల మూల, మూత విప్పిన ఒక కంప్యూటరు ముందు, చేతులు వెనక్కి కట్టుకుని అతను నిలబడి ఉన్నాడు.

"నమస్తే సార్. పాప మంచిగున్నదా?"

పక్కన ఎవరూ లేకుండా చూసి అన్నాను. "ఆ రిపోర్టులో నేను రాసింది తప్పు. ఆ సీడీ వేసింది నేనే."

"నాకెర్కే సార్. ఏ రోజు, ఏ టైమ్‌ల ఎక్కించిన్రో మిషన్లనే ఉంటది. ఆ రోజు నేను సెలవుల ఉన్న."

"మరి డిప్యూటీ సెక్రటరీకి ఎందుకు చెప్పలేదు?"

"ఆయన అడిగినప్పుడు మీరు ఆడనే ఉంటిరి. మళ్ల నన్ను ఎవ్వరడగలె." కుంచెతో మిషను లోపలి దుమ్ము దులిపాడు. "మీరు జెప్తరనుకున్న."

అప్పుడు తన సంగతి చెప్పాడు. నోయిడాలో ఒక కంపెనీకి అప్లై చేశాడు, కంప్యూటర్లు చూసుకునే పనే. పాత ఆఫీసు సర్టిఫికెట్ అడిగారు. మా ఆఫీసు పంపిన దాంట్లో నా రెండో పేరా యథాతథంగా దిగింది. అంతకుముందు ఇంకోచోట కూడా అంతే అయిందట. "నేను ఏడికి వోయినా గా లైన్ నా కంటె ముందు వోతున్నది సార్" అన్నాడు. "ఒక కాయితం రాసియ్యుండ్రి. గా తప్పు నాది గాదని. అంతే."

వారం తర్వాత కాగితం పట్టుకుని వెళ్లాను. చక్కగా టైపు చేసి, సంతకం పెట్టి. అతను దాన్ని వెలుతురు దగ్గరికి తీసుకెళ్లి చదివాడు. సదరు సంఘటనకు అతనే కారకుడని నిర్ధారణగా చెప్పుటకు తగిన ఆధారములు లభించలేదు అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నేను నేర్చుకున్న విద్యంతా అందులో ఉంది. ఎవరు చేశారో చెప్పకుండా జరిగింది చెప్పే విద్య.

మడిచి నా చేతికే ఇచ్చాడు. "ఇది నేనడిగింది గాదు సార్."

"ఇంతకన్నా ఎలా రాస్తానయ్యా? నా ఉద్యోగం సంగతి కూడా చూడు."

"మీ ఉద్యోగం నాకెర్కే సార్. నాది గూడ ఉద్యోగమే ఉండె."

గొంతు పెంచలేదు. పనిలోకి తిరిగిపోయాడు. ఎవరో విద్యార్థి కంప్యూటరు అది. ఆ విద్యార్థి పక్కనే నిలబడి, ఫార్మాట్ చేయాలా భయ్యా అని భయం భయంగా అడుగుతున్నాడు. అవసరం లేదని చెప్తున్నాడు అతను. నేను బయటికి పోలేకపోయాను. మెట్ల దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. జిరాక్సు మిషను పక్కనున్న కట్టలోంచి ఒక తెల్లకాగితం లాగి, అక్కడే బల్ల మీద పెట్టుకుని పెన్నుతో రాశాను. ఆ సీడీ వేసింది నేను. అతను కాదు. అతని మీద నేను రాసిన రెండో పేరా నిజం కాదు.

"తారీఖు గూడ రాయుండ్రి సార్" అన్నాడు భుజం మీంచి చూస్తూ. "నేను సెలవుల ఉన్న తారీఖు."

రాశాను. సంతకం, పేరు, హోదా, ఆఫీసు ఫోను నంబరు. రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. థాంక్స్ చెప్పలేదు. "నీళ్లు తాగుతరా సార్?" అని అడిగాడు.

ఆ మెట్లెక్కి పైకి వస్తుంటే గుండె తేలికవుతుందనుకున్నాను. అవలేదు. భయం మొదలైంది. ఆ కాగితం ఎవరైనా మా ఆఫీసుకు పంపితే? రోజూ తపాలా రాగానే అందరికన్నా ముందు నేనే కవర్లు తిరగేసేవాణ్ణి. సిగ్గు విడిచి ఒకటి చెప్పాలి. ఆ రెండు నెలలూ, అతనికి ఆ నోయిడా ఉద్యోగం రాకుండా పోతే బాగుండునని, లేదా ఆ కాగితం అవసరం పడకుండానే వచ్చేస్తే బాగుండునని కోరుకున్నాను. రెండిట్లో ఏదైనా సరే అనిపించేది.

వానలు పడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, నా బల్ల మీది ఫోను మోగింది. డిప్యూటీ సెక్రటరీ నా ఎదుటే నిలబడి ఒక ఫైలు గురించి చెప్తున్నాడు. ఫోనులో ఎవరో అమ్మాయి, నోయిడా నుంచి, ఇంగ్లీషులో. మా అభ్యర్థి ఒకరు మీ ఉత్తరం జతచేశారు సార్ అంది. "చేత్తో రాసి ఉంది, లెటర్‌హెడ్ లేదు. అందుకని అడుగుతున్నాం. ఈ సంతకం మీదేనా?"

డిప్యూటీ సెక్రటరీ ఫైలు పట్టుకుని నేను ఫోను పెట్టేయడం కోసం ఎదురుచూస్తున్నాడు. చూసి చెప్తాను అన్న మాట నా నాలిక చివరికి వచ్చింది. మా ఆఫీసుల్లో ఆ మాట ఎంతమందిని కాపాడిందో లెక్కలేదు.

"నాదే" అన్నాను.

"ఇందులో రాసింది?"

"నిజమే. ఆ సీడీ నేనే వేశాను. ఆ రోజు అతను సెలవులో ఉన్నాడు. మా ఆఫీసు సర్టిఫికెట్లో ఉన్నది నేను రాసిన అబద్ధం."

గొంతు గట్టిగానే వచ్చింది. సెక్షన్లో టైపింగు చప్పుడు ఆగింది. డిప్యూటీ సెక్రటరీ నా వైపు ఒక్క క్షణం చూసి, ఫైలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ నెలలోనే నన్ను రికార్డుల సెక్షన్‌కి మార్చారు. ప్రమోషను రావలసిన ఏడాది రాలేదు. అది నాకు పెద్ద కష్టమేమీ కాదు. జీతం వస్తూనే ఉంది, క్వార్టరు ఉంది.

ఆ అమ్మాయి "థాంక్యూ సార్, అంతే" అని పెట్టేసింది. ఉద్యోగం ఇస్తున్నారా అని అడగాలని నాకు రిసీవరు కింద పెట్టాక తోచింది.

రెండు ఆదివారాలు ఆగి జియా సరాయ్ వెళ్లాను. కొట్టు ఆయన, "వో తో చలే గయే" అన్నాడు. వెళ్లిపోయాడని. ఎక్కడికని అడిగితే, నోయిడా అన్నాడు. మళ్లీ కాసేపు ఆలోచించి, గది ఖాళీ చేసి సామాను రైలుకేశాడు కదా, సొంతూరికే వెళ్లాడేమో అన్నాడు. నోయిడా అయితే నేను ఫోనులో చెప్పిన మాట పనికొచ్చినట్టు. ఊరికైతే అది ఆలస్యంగా వచ్చినట్టు.

అతని నంబరు అప్పటికి నా ఫోనులోనే ఉంది. ఫోను చేద్దామని బస్టాపులో నిలబడి దాన్ని తీసి చూశాను. రెండు బస్సులు వదిలేశాను. మూడో బస్సు వచ్చింది, ఎక్కాను. చెయ్యలేదు.